గొంతు తగ్గించిన తమ్ముడు

పొద్దున తమ్ముడితో జిరాక్స్ షాపుకి వెళ్లా.

"దేనికన్నా ఇవన్నీ?" అని షాపు కుర్రాడు మామూలుగానే అడిగాడు.
వీడు గొంతు తగ్గించి, "ఉద్యోగం పోయింది... ఈఎస్ఐ డబ్బులకి" అన్నాడు. వెనకాల ఉన్నది ఇద్దరే. అయినా చెవులు ఎర్రబడ్డాయి వాడికి.

ప్రాణం ఉసూరుమంది.

చేతిలో మడతలు పడిన పాత పే స్లిప్పు. అందులో ఓ వరస: ఈఎస్ఐ 120 రూపాయలు. 16 వేల జీతంలో నాలుగేళ్లుగా నెలనెలా పోతున్నది అది. ఆస్పత్రి కోసమే అనుకున్నాం ఇద్దరం.

అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని 2018లో మొదలైంది. ఈఎస్ఐ ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే సగటు రోజు జీతంలో సగం, 90 రోజుల దాకా ఇస్తారు. జీవితంలో ఒక్కసారే. కనీసం రెండేళ్లు ఈఎస్ఐ కట్టే ఉద్యోగంలో ఉండాలి, ఇంకొన్ని షరతులున్నాయి. వీణ్ణి తీసేసిన చోట ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు. పక్కింటి నర్సుగారు చెప్తేనే తెలిసింది.

బయటికొచ్చాక అడిగా, "ఎందుకురా అంత మెల్లగా చెప్పావ్?"
"అడుక్కుంటున్నట్టుందక్కా."

ఆ మాట పొద్దుట్నుంచీ వదలట్లేదు నన్ను.
ఒకటో తారీఖున పెన్షన్ తెచ్చుకోడానికి నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లేవారు. ఇదీ అలాంటి డబ్బే కదా? వీడి కష్టంలోంచి పోయిందే కదా?

మీ ఇళ్లలో ఎవరైనా తీసుకున్నారా ఇది? ఖాతాలో పడ్డానికి ఎన్నాళ్లు పట్టింది?
కామెంట్లో రాయండి. వాడికి చూపిస్తా.