టెంటు ముందు నడిచిన పాట

పావగడ తాలూకా పల్లెల్లో టెంటు సినిమాకు రెండు సంగీతాలుండేవి. ఒకటి తెర మీద బొమ్మతో పాటు వచ్చేది. రెండోది బొమ్మ కంటే ముందే వీధుల్లో నడిచేది: ఎడ్లబండి మీద తప్పెట, తర్వాత గ్రామఫోను, ఆ తర్వాత మైకు. రాబోయే సినిమా ఏదో ఊరికి తెలిసేది ఈ రెండోదాని వల్లనే. సినిమా చరిత్రలు మొదటి సంగీతం గురించే రాశాయి. రెండోది కూడా అంత తీసిపోయినది కాదు.

తుమకూరు జిల్లాలో ఉన్న ఈ తాలూకాకు దాదాపు మూడు పక్కలా ఆంధ్రప్రదేశే. హిందూపురం, మడకశిర, కళ్యాణదుర్గం ఇక్కడివాళ్లకు దగ్గరి ఊళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో, కచేరీలో కన్నడం. ఈ తాలూకా ఊళ్లకు సినిమా చాలాకాలం పక్కా హాలుగా రాలేదు. కోతలైన పొలంలోనో ఊరి బయట బీటిలోనో వెదుళ్లు పాతి, గుడ్డ కప్పి, కొన్ని నెలలు ఆడి, మళ్లీ విప్పుకుని పోయే డేరాగా వచ్చింది. టూరింగ్ టాకీస్ అని లైసెన్సులో ఉండేది. జనం టెంటు అనేవారు.

తెర ముందు కూచుని రాత్రంతా చూసే అలవాటు మాత్రం ఈ సీమకు సినిమా నేర్పింది కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలాటగాళ్ల కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో తెల్లగుడ్డ వెనక దీపం, దీపానికీ గుడ్డకూ మధ్య బొమ్మ. బొమ్మను ఆడించేవాళ్లే పాడతారు, మాటలు చెబుతారు. హార్మోనియం, మద్దెల, తాళాలు పక్కనే ఉంటాయి. యుద్ధం వచ్చినప్పుడు కాళ్ల కింద చెక్క పలకలు వేసి టకటకా తొక్కుతారు. రథాలు, గుర్రాలు, పిడుగులు అన్నీ ఆ చప్పుడులోనే. బొమ్మ ఒకచోట, గొంతు ఒకచోట ఉన్నా రెండూ ఒకటేనని నమ్మడం ఇక్కడి ప్రేక్షకుడికి అప్పటికే తెలుసు. మూకీ సినిమా వచ్చినప్పుడు కొత్తగా అనిపించింది బొమ్మ తనంతట తాను కదలడం ఒక్కటే.

మూకీకి మాట లేదు గానీ, మూకీ ఆడే చోట నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. పెద్ద ఊళ్లలో ఇంగ్లీషు హాళ్లకు పియానో, మన హాళ్లకు హార్మోనియం, తబలా. తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి మరొకడు. తెర మీద పడే అక్షరాలు చదవలేనివాళ్లే ఎక్కువ కనుక, అతను లేకపోతే ఆట లేదు. జపానులో ఇలాంటి వ్యాఖ్యాతలను బెన్షీలనేవారు. కొందరి పేర్లు నటుల పేర్ల కంటే పెద్దవిగా వెలిగాయి. మన దగ్గర ఆ గొంతులకు పేర్లు మిగల్లేదు. అది నిజంగా నష్టమే.

దక్షిణాదిలో డేరా సినిమాకు దారి వేసినవాడు తిరుచిరాపల్లి రైల్వే ఉద్యోగి స్వామికన్ను విన్సెంట్. 1905లో ఒక ఫ్రెంచి ప్రదర్శకుడి దగ్గర యంత్రాన్ని, ఫిల్ములను కొని ఊరూరా తిరిగాడు. తెలుగువాళ్లలో ఆ పని చేసినవాడు మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫొటోగ్రాఫరుగా స్థిరపడిన రఘుపతి వెంకయ్య. 1910 ప్రాంతంలో ఆయన క్రోనోమెగాఫోన్ తెప్పించాడు. చిన్న చిన్న ఫిల్ములకు గ్రామఫోను రికార్డు జతచేసి మోగించే యంత్రమది. దానితో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాల్లో ఆడి, బర్మా, సింహళం దాకా వెళ్లాడు. తర్వాత మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టించాడు. 1921లో ఆయన కొడుకు ఆర్. ప్రకాశ్‌తో కలిసి తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ తెలుగువాళ్ల మొదటి మూకీ. అదే ఏడు బెజవాడలో మారుతీ హాలు వెలిసింది.

1931 మార్చి 14న ‘ఆలం ఆరా’ మాట్లాడింది. 1932లో హెచ్.ఎం. రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ పూర్తి తెలుగులో వచ్చింది. అందులోని నటులు సురభి నాటక సమాజం వాళ్లు. 1934 మార్చి 3న బెంగళూరులో విడుదలైన తొలి కన్నడ టాకీ ‘సతీ సులోచన’కు దర్శకుడు నెల్లూరువాడైన వై.వి. రావు. సరిహద్దు తాలూకాలో ఈ సంగతి చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు; రెండు భాషల సినిమా మొదటినుంచీ ఒకే ఇంటి వ్యవహారం. 1954లో తుమకూరు జిల్లావాడే అయిన గుబ్బి వీరణ్ణ సంస్థ ‘బేడర కణ్ణప్ప’ తీసినప్పుడు, అదే కథ తెలుగులో ‘కాళహస్తి మహాత్మ్యం’గా వచ్చింది. కన్నడ నటుడు రాజ్‌కుమార్ నటించిన ఒకే ఒక్క తెలుగు సినిమా అది.

తెరకు గొంతు వచ్చాక తెర కింద హార్మోనియం వాయించే మనిషికి అక్కడ పని లేకపోయింది. ప్రత్యక్ష సంగీతం అక్కడితో ఆగిందని పుస్తకాలు ముగించేస్తాయి. పల్లెల్లో అలా జరగలేదు. అది లోపలి నుంచి వీధిలోకి వచ్చింది.

టెంటు వేసిన ఊరికి చుట్టూ నాలుగైదు మైళ్ల దూరంలోని పల్లెలే దాని బతుకు. ఆ పల్లెల్లో పేపరు రాదు, వచ్చినా చదివేవాళ్లు కొందరే. కనుక బొమ్మ మారిన రోజు పొద్దున్నే బండి కట్టేవారు. బండికి రెండు పక్కలా గూడులా వంచిన తడికలు, వాటి మీద వాల్ పోస్టర్లు. ముందు తప్పెటగాడు. తెలుగు ఇళ్లలో తప్పెట, కన్నడ ఇళ్లలో తమటె. కొట్టే మనిషి మాత్రం ఒక్కడే. ఊరి నడిమధ్య చెట్టు కింద బండి ఆగుతుంది. వాయిద్యం ఒక విడత గట్టిగా మోగి ఠక్కున నిలుస్తుంది. అప్పుడు మనిషి గొంతెత్తి బొమ్మ పేరు, హీరో పేరు, ఎన్ని పాటలో, ఎన్ని ఫైటింగులో చెబుతాడు. రోజూ రెండాటలు. పగటి వెలుతురు గుడ్డలోంచి దూరుతుంది కనుక టెంటుకు మ్యాట్నీ ఉండదు. చీకటి పడ్డాకే మొదటి ఆట. సన్నటి గులాబీ, పసుపు కాగితాల నోటీసులు విసురుకుంటూ బండి కదిలితే పిల్లలు ఊరి పొలిమేర దాకా దాని వెంటే. ఆ నోటీసుల్లో ఒకవైపు తెలుగు, ఒకవైపు కన్నడం ఉన్నా ఎవరికీ వింతగా తోచేది కాదు.

రాబోయే బొమ్మ అంటే కొత్త బొమ్మ అని అర్థం కాదు. ఒక సినిమాకు తీసే ప్రింట్లు తక్కువ. అవి మొదట నగరాల్లో ఆడాలి, తర్వాత తాలూకా కేంద్రాల్లో, ఆ తర్వాతే టెంట్లకు రావాలి. వ్యాపారం మాటల్లో ఎ సెంటర్, బి సెంటర్, సి సెంటర్. పావగడకు ఇంకో చిక్కుంది. సరిహద్దు దాటితే హిందూపురం, అనంతపురం సీడెడ్ (రాయలసీమ) పంపిణీ ప్రాంతం కింద లెక్క. అక్కడి హక్కులు కొన్నవాడు వేరు. ఇటువైపు కర్ణాటక హక్కులు బెంగళూరు గాంధీనగర్‌లోని పంపిణీదారులవి. బస్సెక్కి పక్క ఊరు వెళ్లి చూసొచ్చినవాడు కథంతా చెప్పేస్తాడు. అదే బొమ్మ ఇక్కడి డేరాకు ఎప్పుడొస్తుందో ఫిల్ము పెట్టె దారిని బట్టి ఉండేది. అయినా జనం వచ్చేవారు. ‘పాతాళ భైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957), ‘లవకుశ’ (1963) లాంటివి కథ తెలియక చూసినవి కావు. తెలిసిన కథను మళ్లీ చూడటమే ఆ రాత్రుల సంబరం. పురాణ కాలక్షేపానికి అలవాటుపడ్డ ఊళ్లకు కథ ముందే తెలిసిపోవడం ఒక లోపంగా తోచదు.

పాటలైతే బొమ్మ కంటే ఎంతో ముందే వచ్చేసేవి. పెళ్లిళ్లలో రికార్డులు మోగేవి. 1952లో సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు కనుమరుగైనప్పుడు రేడియో సిలోన్ ఆ లోటు తీర్చింది. 1957లో వివిధభారతి మొదలయ్యాక ఆకాశవాణి మళ్లీ అందుకుంది. టెంటు గేటు దగ్గర పాటల పుస్తకం అమ్మేవారు. అందులో సగం కథ చెప్పి, సరిగ్గా చిక్కు ముడిపడిన చోట ఆపి, తక్కిన కథ వెండితెర మీద చూడమని ముగించేవారు. ప్రకటన విద్యలో ఇంత చవకైన, ఇంత తెలివైన సాధనం మరొకటి దొరకదు. చదవడం వచ్చిన పిల్లవాడు ఇంటిల్లిపాదికీ ఆ పుస్తకం పాడి వినిపిస్తుంటే రాబోయే సినిమా ఆ ఇంటి పంచలోనే మొదలైపోయేది.

సాయంత్రం టెంటు కప్పు మీది లౌడ్‌స్పీకరు మోగడం మొదలవుతుంది. మొదట దేవుడి పాట. ఘంటసాల పాడిన వేంకటేశ్వరుడి పాట ఆంధ్ర టెంట్లలో ఎంత మోగిందో కర్ణాటక టెంట్లలోనూ అంతే మోగింది. కన్నడ రచయితల బాల్య స్మృతుల్లో ఆ తెలుగు పాట తరచూ కనిపిస్తుంది. గడియారాలు లేని ఊళ్లకు ఆ పాటల వరసే గడియారం. ఒక పాటకు పొలంలో పని ఆపాలి, ఒక పాటకు పొయ్యి ఆర్పాలి, దేవుడి పాట వినిపించిందంటే ఇక పరుగే. నేల, బెంచి, కుర్చీ అని మూడు తరగతులు. నేలలో ఇసుక. ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య అడ్డుగుడ్డ. ఇసుకను కుప్పగా చేసుకుని ఎత్తుగా కూచునేవాడితో వెనకవాడి తగాదా తీరేలోపు ఫిలిమ్స్ డివిజన్ వార్తాచిత్రం అయిపోయేది.

35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. అంటే వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. మూడు గంటల బొమ్మకు పదహారు, పదిహేడు రీళ్లు. పెద్ద హాళ్లలో రెండు ప్రొజెక్టర్లుంటాయి, ఒకటి ముగుస్తుంటే రెండోది అందుకుంటుంది. టెంటులో చాలాచోట్ల ఒక్కటే. రీళ్లు మార్చినప్పుడల్లా తెర ఖాళీ, నేలలోంచి ఈలలు. ఆ సందులో రికార్డు పాట, గాజు పలక మీద రాసిన ప్రకటన, దాని వెనకే ‘త్వరలో’ అంటూ రాబోయే చిత్రం పేరు. సోడాలు, వేరుశనక్కాయలు అమ్మేవాళ్ల కేకలు వీటన్నిటి మీదుగా. వెలుగు కోసం రెండు కార్బన్ కడ్డీల మధ్య మంట. కడ్డీలు అరిగేకొద్దీ ఆపరేటరు దగ్గరకు జరపకపోతే తెర మసకబారుతుంది. 1950ల మొదటి దాకా ఫిల్ము నైట్రేటుది, నిప్పంటితే ఆగదు. అందుకే గుడ్డ డేరాలోనూ ప్రొజెక్టరు గదికి రేకులుండాలని చట్టం. కరెంటు లేని ఊళ్లకు టెంటు తన ఆయిలింజనును తానే తెచ్చుకునేది. ఆ వెలుతురును చూడడానికే వచ్చిన ముసలివాళ్లున్నారు. అదే తాలూకాలో నేడు వేల ఎకరాల మీద 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు పరుచుకుని ఉంది.

భాష ఈ గుడ్డ గోడలను ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఒక వారం రాజ్‌కుమార్, మరో వారం రామారావు. 1980లో ‘శంకరాభరణం’ కర్ణాటకలోనూ తమిళనాడులోనూ తెలుగులోనే ఆడి గెలిచింది. పాట కోసం బొమ్మకు వెళ్లడం సరిహద్దు పల్లెలకు కొత్త కాదు.

టెంట్లు ఒక్కరోజులో పోలేదు. పక్కా హాళ్లు లేచాయి. 1987లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో ‘రామాయణ్’ మొదలైంది. వీడియో, ఆ తర్వాత కేబుల్ వచ్చాయి. గత శతాబ్దం ముగిసేనాటికి చాలా డేరాలు గుడ్డ మడిచేశాయి. 2010ల్లో ఫిల్ము పెట్టె కూడా పోయి సినిమా ఉపగ్రహం నుంచి, హార్డ్ డిస్క్ నుంచి వస్తోంది. దానివల్ల నగరంలో పడిన శుక్రవారమే తాలూకా హాల్లోనూ బొమ్మ పడుతుంది. ఎదురుచూపు నెలల నుంచి సున్నాకు వచ్చింది. ట్రైలరు చేతిలోని ఫోన్లో ఉంది.

వ్యాపారానికి బయట నిలబడి ఊరివాళ్లే నడుపుకున్న తెరలు కర్ణాటకలో ఉన్నాయి. శివమొగ్గ జిల్లా హెగ్గోడులో 1949లో పుట్టిన నీనాసం అనే నాటక సంఘం నాటకాలతో ఆగక 1973లో చిత్రసమాజం పెట్టింది. దాని వ్యవస్థాపకుడు కె.వి. సుబ్బణ్ణ పోక తోటల రైతులకు, కూలీలకు ప్రపంచ సినిమాలను కన్నడంలో వివరించి చూపించాడు. 1991లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. తెర పక్కన నిలబడి కథ చెప్పే పాత మనిషి అక్కడ కొత్త పనితో తిరిగి వచ్చాడనాలి. పావగడ సీమకు అలాంటిది ఒకటి కావాలి. రెండు భాషలు, తోలుబొమ్మలు, తప్పెట, ఉరుముల నృత్యం అన్నీ చేతికందే దూరంలో ఉన్నచోట అది పుట్టడానికి అడ్డేమీ లేదు.

మూకీకి ప్రత్యక్ష సంగీతం జతచేయడం ప్రపంచంలో మళ్లీ మొదలైంది. ఇటలీలోని పోర్దెనోనె ఉత్సవం 1982 నుంచి ఆ పనే చేస్తోంది. 1928 నాటి ‘షీరాజ్’ను బాగుచేసి 2017లో లండన్‌లో చూపినప్పుడు అనౌష్క శంకర్ బృందం తెర ముందు కూచుని వాయించింది. తెలుగు మూకీలకు ఆ అవకాశం లేదు, ‘భీష్మ ప్రతిజ్ఞ’ ప్రింటు దొరకలేదు కనుక. దక్షిణాది మూకీల్లో దాదాపు పూర్తిగా మిగిలింది 1933 నాటి ‘మార్తాండ వర్మ’.

వీధిలోని సంగీతం మాత్రం ఇంకా ఉంది. పెద్ద హీరో బొమ్మ పడే శుక్రవారం హాలు ముందు కటౌటుకు దండ వేసి, పొద్దుటాటకు ముందే తప్పెటలు మోగిస్తారు. వాయించేవాళ్లకు డబ్బిచ్చేది హాలు యజమాని కాదు, అభిమాన సంఘం కుర్రాళ్లు. సోమవారానికి ఆ సందడి తగ్గుతుంది; తర్వాతి బొమ్మ పేరు రికార్డు చేసిన గొంతుతో ఆటో మీద ఊళ్లు తిరుగుతుంది.