ఫైలు మీద మొదటి పేరు

మన ఇళ్ళల్లో మగవాళ్ళ ఉమ్ర్ ఎవరూ పెద్దగా అడగరు. నిఖా మాటలప్పుడు ఒకసారి, పాస్‌పోర్ట్ తీసేటప్పుడు ఒకసారి, అంతే. ఆ తర్వాత తల నెరిసినా, మోకాళ్ళు నొప్పి పెట్టినా, కమాయిస్తున్నంత కాలం వాడు జవానే. ఇప్పుడు మూడోసారి అడిగేవాళ్ళు వచ్చారు. ఆస్ట్రేలియా అడుగుతోంది, కెనడా అడుగుతోంది. జవాబు 45 అయితే ఒకరు తలుపు మూస్తారు, ఇంకొకరు సున్నా వేస్తారు.

మా భాయిజాన్‌కి 44. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి పాతికేళ్ళప్పుడు నిజామాబాద్ నుంచి సౌదీ వెళ్ళారు. దమ్మామ్‌లో ఏసీల పని, 19 ఏళ్ళ తజుర్బా. భాబీ, ఇద్దరు పిల్లలు కూడా కొన్నేళ్ళు అక్కడే ఉన్నారు. 2017 జులైలో సౌదీ సర్కార్ ఫ్యామిలీ మీద ఫీజు పెట్టింది. తలకి నెలకి 100 రియాల్‌లతో మొదలై, ఏటా 100 పెరుగుతూ 2020కి 400 అయ్యేలా. ముగ్గురికి నెలకి 1,200, సంవత్సరానికి 14,400 రియాల్‌లు. అదీ ఇఖామా రెన్యువల్‌తో పాటు ముందే కట్టాలి. భాయిజాన్ హిసాబ్ వేసుకుని 2018లోనే వాళ్ళని ఇంటికి పంపేశారు. అప్పటి నుంచి ఆయన పిల్లల్ని ఫోన్‌లోనే పెంచుతున్నారు.

గల్ఫ్ తీరు మనకి తెలిసిందే. అది ఉమ్ర్ చూసి ఆపదు, కాని ఉంచుకోదు కూడా. ఇఖామా ఉన్నన్నాళ్ళే. మా అబ్బా 22 ఏళ్ళు చేసి షుగర్‌తో, రెండు సూట్‌కేసులతో వాపస్ వచ్చారు. పెన్షన్ లేదు. అందుకే భాయిజాన్ ఈసారి ఫ్యామిలీతో కలిసి ఉండిపోయే ముల్క్ చూడమన్నారు. నేను అఖ్‌బార్ మనిషిని కదా, కాగితాలు చదివే పని ఎప్పుడూ నాదే.

చదివితే తేలింది ఇది. ఆస్ట్రేలియా స్కిల్డ్ వీసాలకి పాయింట్లు ఉంటాయి, కనీసం 65 రావాలి. ఉమ్ర్ 25 నుంచి 32 లోపు అయితే 30 పాయింట్లు, 33 నుంచి 39 దాకా 25, 40 నుంచి 44 దాకా 15. పిలుపు వచ్చే రోజుకి 45 నిండితే దరఖాస్తే లేదు. మరి తజుర్బాకి? బయటి దేశాల్లో ఎనిమిదేళ్ళు పనిచేస్తే 15 పాయింట్లు. పంతొమ్మిదేళ్ళు చేసినా అదే 15. అంటే పనితనం ఒక చోట ఆగిపోతుంది, ఉమ్ర్ మాత్రం కోస్తూనే ఉంటుంది.

కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో తలుపు మూయరు గాని, భార్యతో కలిసి వేసేవాళ్ళకి 29 దాకా ఉన్న 100 పాయింట్లు 40కి 45 అవుతాయి, 44కి 5, ఆ పైన సున్నా. న్యూజిలాండ్ స్కిల్డ్ మైగ్రెంట్ దారిలో 55 దాకా వీలుంది. జర్మనీకి 45 దాటాక మొదటిసారి పనికి వెళ్తే, జీతం వాళ్ళు చెప్పిన హద్దుకి పైన ఉండాలి, లేదా ముసలితనానికి పెన్షన్ బందోబస్తు చూపించాలి. బ్రిటన్ స్కిల్డ్ వర్కర్ వీసాకి ఉమ్ర్ హద్దు లేదు, కాని స్పాన్సర్ చేసే కంపెనీ, దానికి తగ్గ జీతం కావాలి.

ఇందులో మన ఇళ్ళకి ఇంకో ముసీబత్ ఉంది. భాయిజాన్ పుట్టింది 1982 రంజాన్‌లో, వానల మొదట్లో. అమ్మీకి ఆ రోజాలు ఇప్పటికీ యాద్. కాని 1986లో మామూ స్కూల్లో చేర్చడానికి తీసుకెళ్తే, అయిదేళ్ళు నిండాలి కాబట్టి హెడ్మాస్టర్ సాబ్ రిజిస్టర్లో '1 జూన్ 1981' అని ఉర్దూలో అందంగా రాసేశారు. అదే టెన్త్ సర్టిఫికెట్‌లోకి, అక్కడి నుంచి పాస్‌పోర్ట్‌లోకి వెళ్ళింది. మా ఉర్దూ మీడియం దోస్తులు సగం మంది జూన్, జులై ఒకటో తారీఖునే పుట్టినవాళ్ళు! ఇప్పుడు ఆ కలం పోటు ఏడాదికి పైగా తినేసింది. కాగితం ప్రకారం వచ్చే జూన్ ఒకటికి ఆయనకి 45. ఇన్నేళ్ళ తర్వాత అది మార్చడం ఆసాన్ కాదు. 'సెట్ చేసిస్తాం' అనే ఏజెంట్ మాట అసలు వినొద్దు. కెనడాలో తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే అయిదేళ్ళ నిషేధం.

హిసాబ్ అంతా వేశాక నాకు కనిపించిన దారి ఒకటే. భాబీకి 37. బీఎస్సీ నర్సింగ్. తిరిగొచ్చినప్పటి నుంచి ఒక ప్రైవేట్ దవాఖానాలో ఏడేళ్ళుగా చేస్తున్నారు. ఆమె పేరు ముందు పెట్టి, భాయిజాన్‌ని శౌహర్‌గా జత చేస్తే? కెనడాలో భాయిజాన్ ఉమ్ర్‌కి 5 పాయింట్లు వచ్చే చోట భాబీ ఉమ్ర్‌కి 60. ఆస్ట్రేలియాలో ఉమ్ర్‌కి 25, డిగ్రీకి 15, ఏడేళ్ళ నర్సింగ్‌కి 10, ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు భాగాల్లోనూ 7 తెస్తే 10. మొత్తం 60. శౌహర్‌కి 45 దాటినా పర్వాలేదు. ఆయన నాలుగింట్లోనూ 6 తెస్తే ఇంకో 5. సరిగ్గా 65. పిలుపు రావడానికి ఇంకా ఎక్కువే కావాల్సి రావచ్చు, కాని తలుపు దాకా వెళ్ళొచ్చు.

శుక్రవారం వాట్సాప్ కాల్‌లో చెప్పాను. అవతల కాసేపు ఏసీ శబ్దం తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత భాయిజాన్ అన్నారు: "అంటే నేను బేగం వీసా మీద పోవాల్నా? లోగాఁ క్యా బోలింగే?"

నేను జవాబు ఇచ్చేలోపే అమ్మీ ఫోన్ లాక్కుంది. "మీ అబ్బా 22 ఏళ్ళు అక్కడే ఉన్నారు గదా బేటా, అప్పుడు ఈ ఇంటికి పెద్ద ఎవరు? స్కూల్లో మీ ఫారాల మీద దస్తఖత్ ఎవరు చేసిండ్రు? డ్రాఫ్టు పట్టుకుని బ్యాంకుకి ఎవరు పోయిండ్రు? ఇప్పుడు రేషన్ కార్డు మీద మొదటి పేరు ఎవరిది? అప్పుడేం అన్లేదు లోగాఁ, ఇప్పుడేం అంటరు?"

అమ్మీ మాట కానూన్ ప్రకారమూ సహీ. 2013 ఆహార భద్రత చట్టం రేషన్ కార్డుకి ఇంట్లో పెద్ద వయసు ఔరత్‌నే యజమాని అంటుంది. గల్ఫ్ మన మగవాళ్ళని తీసుకెళ్ళిన నాటి నుంచి మన ఇళ్ళు నడిపింది ఆడవాళ్ళే. ఫైలు మీద వాళ్ళ పేరు ముందు రాయడానికే మన గైరత్ అడ్డొస్తోంది.

కాని అసలు మాట భాబీ చెప్పారు. "పేరు ముందు పెట్టడం సులువే భయ్యా. ఇంగ్లీష్ పరీక్ష నేను రాయాలి, నర్సింగ్ రిజిస్ట్రేషన్ పరీక్షలు నేను రాయాలి, నైట్ డ్యూటీ నేను చేయాలి. రొట్టెలు కూడా నేనే చేయాలా?"

ఆ సవాల్‌కి ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇప్పుడు మగ్రిబ్ నుంచి ఇషా దాకా ఆమెని ఎవరూ పిలవకూడదని తయ్ అయింది. పిల్లల హోంవర్క్ నాది. వంట అమ్మీ, నా బేగం పంచుకున్నారు. ఇంటెడు మంది మారకుండా ఒక పేరు మాత్రం మారిస్తే అది ఆమె మీద బోఝ్ అవుతుంది.

మీ ఇంట్లో నలభై దాటినవాళ్ళు ఇదే ఫికర్‌లో ఉంటే ముందు ఇవి చూసుకోండి. మియా బీవీ ఇద్దరి పాయింట్లూ విడివిడిగా వేయండి. పిల్లల ఉమ్ర్ కూడా చూడండి, కెనడాలో 22 నిండితే మామూలుగా తల్లిదండ్రుల ఫైల్లో చోటుండదు. సియాహా ఉర్దూలో ఉంటే వక్ఫ్ బోర్డు నుంచి ఇంగ్లీష్ మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకోండి. ఒక కాగితంలో 'మొహమ్మద్', ఇంకోదాంట్లో 'ఎండీ' ఉంటే ఇప్పుడే సరిచేయించండి. రూల్స్ మారుతుంటాయి, దరఖాస్తుకి ముందు ఆ దేశ సర్కార్ వెబ్‌సైట్ చూడండి.

భాయిజాన్ దమ్మామ్‌లో డ్యూటీ తర్వాత ఇంగ్లీష్ చదువుతున్నారు, ఆ 5 పాయింట్ల కోసం. జూన్ ఒకటి ఎలాగూ వస్తుంది. భాబీకి 40 రావడానికి ఇంకా మూడేళ్ళు ఉంది. దువాలో యాద్ ఉంచుకోండి.