పున్నమినాటి కెరటములు

పని మొదలుపెట్టుటకు ముందు ఆకాశమువంక చూచుట మన స్త్రీలకు పుట్టుకతో వచ్చిన యలవాటు. వడియములు పెట్టవలెనన్నను, ఊరగాయకు ముక్కలెండబెట్టవలెనన్నను, తలంటు పోసికొని జుట్టారబెట్టుకొనవలెనన్నను ముందుగా కన్నులు మింటికే పోవును. మేమును అట్లే పెరిగితిమి. మబ్బు లేకున్న భయము లేదని నమ్మితిమి. ఆ నమ్మకము పెరటిలో చెల్లునుగాని సముద్రతీరమున చెల్లదని మాకు తెలియవచ్చిన విధమును సోదరీమణులకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా వారు విశాఖపట్టణమునకు సమీపమున నొక పాఠశాలలో ఉపాధ్యాయులు. మేము బడికి పోయి చదివినవారము కాము. మా తండ్రిగారు ఇంటనే భారత భాగవతములను, అమరమును చెప్పిరి. సముద్రమునకు గల పేర్లన్నియు అప్పజెప్పగలవారమేగాని, ఆ సముద్రమున అల యెట్లు పుట్టునో, ఎక్కడ విరుగునో యెరుగము. పేరు తెలిసినంతమాత్రమున స్వభావము తెలిసినట్లు కాదుగదా!

ముందేటి కార్తిక పున్నమికి మా యత్తగారితోను, పిల్లలతోను భీమునిపట్టణమునకు సముద్రస్నానమునకై పోయితిమి. గోస్తనీనది సాగరమున కలియు చోటది. ఆకాశము కడిగిన పళ్లెమువలె నుండెను. ఆకు కదలుటలేదు. అలలు చిన్నవిగా వచ్చి పాదములను తడిపి పోవుచుండెను. అప్పటికి తొమ్మిదేండ్లదైన మా యమ్మాయి చేయి పట్టుకొని మోకాటిలోతు నీటిలో నిలిచితిమి. ఇంతలో, ఎక్కడనుండి వచ్చెనో, మా రొమ్ములెత్తున నొక కెరటము లేచి విరిగినది. కాళ్లక్రింది యిసుక కదలిపోయెను. అది వెనుకకు మరలునప్పుడు చేతిలోని చేయి జారినది.

ఎంతసేపో చెప్పలేము, పది లెక్కించునంతసేపు కావచ్చును. ఒడ్డున వల బాగుచేసికొనుచున్న మత్స్యకారుడొకడు పరుగున వచ్చి, మునిగి, పిల్లను జడపట్టి పైకి లాగెను. ఉప్పునీరు కక్కి అది కన్నులు విప్పినది. అది యేడ్వలేదు, మేమే యేడ్చితిమి. ఇంటికి వచ్చిన పిమ్మట చాల రాత్రులు నిద్రలో మా చేయి మూసికొనుచు తెరచికొనుచు నుండెడిదని మా వారు చెప్పిరి.

గాలి లేదు, వాన లేదు, ఆ కెరటమెక్కడిది? ఈ ప్రశ్న మమ్ము విడువలేదు. అప్పుడు మా వారు తమ సెల్‌ఫోనులో నొక పట్టికను చూపిరి. హైదరాబాదులో 1999వ సంవత్సరమున నెలకొల్పబడిన ఇన్‌కాయిస్ అను సముద్రసమాచార కేంద్రము కలదు. కడలి లేని యూరిలో కూర్చుండి, నీటిపై తేలు యంత్రములవలనను, ఆకాశమున తిరుగు ఉపగ్రహములవలనను వార్తలు గ్రహించి, రానున్న దినములలో అలలెట్లుండునో తీరవాసులకు ముందుగా తెలుపుచున్నారు. పంచాంగము చూచినట్లు ఆ పట్టికను చూచుట మేము నేర్చుకొంటిమి. కష్టమేమియు కాదు. పాలలెక్క వ్రాయగల యే యిల్లాలైనను నేర్వవచ్చును.

అందు మొదటిది అల యెత్తు. 1 మీటరని వ్రాసియున్నచో అన్ని యలలును మీటరెత్తేయని యర్థము కాదు. వచ్చు నలలలో పెద్దవియగు మూడవవంతును తీసికొని, వాని సగటును వ్రాయుదురు. కావున వ్రాసినదానికి దాదాపు రెట్టింపు యెత్తుగల అల నడుమ నొకటి వచ్చినను వింతలేదు.

రెండవది కాలము. ఒక యలకును మరియొక యలకును నడుమ నెన్ని సెకండ్లు పట్టునో తెలుపు అంకె యిది. మేము మొదట దీనిని లక్ష్యపెట్టలేదు. అసలు రహస్యమంతయు దీనియందే యున్నది. దగ్గరి గాలికి పుట్టిన యలలు అయిదారు సెకండ్లకొకటి చొప్పున వచ్చును. దూరమున, భూగోళపు దక్షిణభాగమున, మహావాతములు వీచుచోట పుట్టిన యలలు 14 సెకండ్లు మొదలుకొని అంతకు మించియు వ్యవధి గలవి. 14 సెకండ్ల యలల శక్తి లోతునీటిలో గంటకు సుమారు 39 కిలోమీటర్ల వేగమున నడచును. అట్టివి అంతదూరమునుండి మన తీరమునకు చేరుటకు వారముదినములు పట్టవచ్చును. పుట్టినచోట తుపాను చల్లారియుండును. వచ్చినచోట ఆకాశము నిర్మలముగా నుండును. మలయాళ దేశమున నిట్టి పొంగును కల్లక్కడల్, అనగా దొంగవలె వచ్చు సముద్రము, అందురట. ఎంత చక్కని పేరు!

ఈ దూరపుటలలు గుంపులుగా వచ్చును. ఒక గుంపు పోయిన పిమ్మట కొన్ని నిముషములు సముద్రము శాంతముగా కనబడును. ఆ శాంతమును చూచియే తల్లులు పిల్లలను నీటిలో దింపుదురు. మేము దింపినదియు అట్టి నిముషముననే.

లోతున సాగిపోవు అల తీరమునకు వచ్చుకొలది క్రింద నేల తగిలి వేగము తగ్గి, ఎత్తు పెరుగును. తన యెత్తుకు ఇంచుమించు ఒకటింబావు రెట్లున్న లోతునకు రాగానే నిలువలేక విరుగును. ఇసుకతీరములలో అల విరుగు చోటు ఇసుకదిబ్బలనుబట్టి యుండును. ఆ దిబ్బలు స్థిరములు కావు. నిన్న మోకాటిలోతున్నచోట నేడు నడుములోతుండవచ్చును. హైదరాబాదు పట్టికకు మన తీరపు దిబ్బ తెలియదు. అందుచేత పట్టిక చూచినను తీరమును కన్నులతో చూడక తప్పదు.

ఇంకొక మాట. ప్రొద్దుట నేలనుండి సముద్రముమీదికి వీచు గాలి అలల ముఖమును నున్నగా దిద్దును. మధ్యాహ్నము సముద్రపుగాలి లేవగా నీరు చెదరి గరుకుగా కనబడును. మనము గరుకునీటిని చూచి భయపడి, నున్నని నీటిని చూచి మురియుదుము. నున్ననిదెల్ల మంచిది కాదని మనకు లోకమున తెలియనిదా!

ఈ విద్య పుట్టిన చరిత్రయు తెలిసికొనదగినదే. ఇంగ్లండు దేశమున ఫిట్జ్‌రాయ్ అను నావికాధికారి 1861లో ఓడరేవులకు తుపాను హెచ్చరికలు పంపుట యారంభించెను. అలలను ముందుగా లెక్కించు పద్ధతిని రెండవ మహాయుద్ధకాలమున స్వెర్డ్రప్, మంక్ అను నిరువురు శాస్త్రజ్ఞులు నిర్మించిరి. 1944 జూన్ 6న నార్మండీ తీరమున సైన్యములు దిగుటకు ముందు అలలను అంచనా కట్టినవారికి ఆ పద్ధతియే తోడ్పడినది. సైనికులను ఒడ్డున దింపుటకై పుట్టిన లెక్క నేడు స్నానమునకు పోవు తల్లి చేతికి వచ్చినది. ఋషికొండవద్ద పలకలపై నిలిచి అలలనెక్కు యువకులకును, వేటకుపోవు మత్స్యకారులకును ఇదియే యాధారము.

ఇక కథకు వత్తము. నిరుటి కార్తిక పున్నమికి మూడు దినములు ముందుగనే మా యత్తగారు మడిబట్టలు మూట కట్టిరి. మేము పట్టిక చూచితిమి. ఎత్తు ఒకటింబావు మీటరు, కాలము 14 సెకండ్లు, దిక్కు దక్షిణము. పున్నమి యగుటచే పోటు అధికము. మా గుండె జల్లుమన్నది.

"అత్తయ్యగారూ, ఈ పున్నమికి నీటిలో దిగవలదు" అంటిమి.

ఆమె నిశ్చేష్టులై చూచిరి. "పర్వదినమున తప్ప సముద్రమును తాకరాదని పెద్దలనిరి. ఆ పర్వమునాడే వలదందువా, అమ్మాయీ? నీ ఫోనులోని యంకెకు నా పున్నమిని బలి యిమ్మందువా?" అనిరి.

మేము మాకు తెలిసిన పురాణము చెప్పితిమి. శ్రీరామచంద్రునంతటివాడు మూడు రాత్రులు దర్భలపై శయనించి సముద్రునికై వేచియుండెను గదా, మనము మరియొక పర్వమునకు వేచియుండరాదా యంటిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట మెల్లగా, "ఆయనకు ముందెంతయో కాలమున్నది. నాకింకెన్ని కార్తికములు మిగిలియున్నవమ్మా?" అనిరి.

ఈ మాటకు మా యొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. చదివిన గ్రంథములును, నేర్చిన యంకెలును ఆ క్షణమున మాకు సహాయము రాలేదు. చివరకు తీరమువరకు పోయి, అచ్చటివారినడిగి చేయుదమని యొడబడితిమి.

తీరమున నొక వృద్ధ మత్స్యకారుడు పడవనీడను కూర్చుండియుండెను. పట్టికమాట చెప్పక, "తాతా, స్నానానికి దిగవచ్చునా?" అని యడిగితిమి. అతడు లేచి, కన్నులకు చేయి అడ్డము పెట్టుకొని, చాలసేపు చూచెను. పెదవులు కదలుటనుబట్టి లెక్కించుచున్నాడని తెలిసికొంటిమి. "ఈ కెరటం ఇక్కడిది కాదమ్మా. దూరం నుంచి వస్తంది. కొంచెంసేపు ఊరుకుంటాది, మళ్లీ లేస్తాది. ముసలమ్మని, పిల్లల్ని దింపకండి" అనెను. హైదరాబాదులోని యంత్రమును, చదువెరుగని యీ తాతయు ఒకేమాట చెప్పుట చూచి మాకు గగుర్పాటు కలిగెను.

అలలు విరుగుచున్నచోట నడుమ నొక బాటవలె నురుగులేని నల్లని నీరు కనబడెను. "అక్కడ బాగుంది గదా?" యని మా కుమారుడనెను. తాత తల యడ్డముగా నూపెను. ఒడ్డుకు వచ్చిన నీరంతయు మరల లోనికి పోవు దారి యదియేనట. కెరటము లేనిచోటు క్షేమమనుకొని దిగినవారిని అదియే లోనికి లాగుకొనిపోవునట.

మా యత్తగారు ఆ మాటలన్నియు వినిరి. స్నానములు ఏడు విధములనియు, మంత్రస్నానమును, మానసస్నానమును అందు చేరినవే యనియు వారికి తెలియనిది కాదు. తడి యిసుకకు పైగా కూర్చుండిరి. తాత రాగిచెంబుతో నీరు తెచ్చి యీయగా మేము సంకల్పము చెప్పుచు మూడు చెంబులు వారి తలపై పోసితిమి. వారి కన్నుల తడి యుప్పునీటిదో, మరి దేనిదో మేమడుగలేదు.

ఆ దినమున మా కన్నులయెదుటనే పలువురు మునిగి క్షేమముగా వచ్చిరి. ఎవ్వరికిని ఏమియు కాలేదు. తిరుగుప్రయాణమున మా యత్తగారు, "అందరును మునిగిరి. మనమే ఒడ్డున కూర్చుంటిమి" అని మాత్రమనిరి. ఆ మాట ములుకువలె నాటినది. ముసలితల్లి కోరికను వృథాగా భంగపరచితిమా యని ఆ రాత్రి తర్కించుకొంటిమి. తుదకు మాకు తోచినదిది: గొళ్లెము వేసి పడుకొన్ననాడు దొంగ రాలేదని తెల్లవారి గొళ్లెమును నిందింతుమా? ముందుమాట విన్నవానికి ఫలము కనబడదు. జరుగని కీడును ఎవ్వరును చూపలేరు. ఇల్లాలి జాగ్రత్తలన్నియు ఇట్టివే. కాచిన నీరు త్రాగి జబ్బుపడని పిల్లవాడు తల్లిని మెచ్చుకొనునా? మెప్పులేని పనియని మానుకొందుమా?

సోదరీమణులు తీరమునకు పోవునపుడు ఈ కొన్ని సంగతులు మరువకుందురుగాక. ఎత్తుతోపాటు కాలమును చూడుడు. తీరము చేరగానే దిగక, కనీసము పావుగంట నిలిచి అలల గుంపులను చూడుడు. సముద్రమునకు వీపు త్రిప్పి నిలువకుడు. తడిసిన చీర కాళ్లకు చుట్టుకొని బరువగును. చీరతో మోకాటిలోతు దాటకుడు. లోనికి లాగబడినవారు ఒడ్డువంక ఎదురీదక, నీటిపై తేలుచు చేయెత్తి పిలువవలెను. ఈదగలిగినచో ఒడ్డునకు ప్రక్కగా ఈది తప్పించుకొనవలెను. ఒడ్డుననున్నవారు తాము దూకక, మూత బిగించిన ఖాళీ నీళ్లడబ్బానైనను విసరి, తీరమునందలివారిని కేకవేయవలెను. పిల్లకై తల్లి దూకుట సహజమే. అయిన నీత రాని తల్లి దూకినచో ఇరువురును మునుగుదురు.

మొన్న మాఘ పున్నమికి వారముముందు మా యత్తగారు జపము ముగించుకొని వంటయింటి గడపవద్దకు వచ్చి నిలిచిరి. "అమ్మాయీ, ఆ సెకండ్లెన్నో చూచితివా?" అని యడిగిరి. చేతి పిండి తుడిచికొని ఫోను తీసితిమి. పున్నమినాటికి ఎత్తు అరమీటరు. కాలము 8 సెకండ్లు. తీరమునకు పోయి తాతను మరల నడిగితిమి. "ఇవాళ దిగండమ్మా" అనెను.

ఒక ప్రక్క మేమును, ఒక ప్రక్క తాత కోడలును చేతులు పట్టుకొనగా మా యత్తగారు మోకాటిలోతున కూర్చుండి మూడు మునకలు వేసిరి. మూడవ మునక లేచునప్పుడు వారి వ్రేళ్లు మా చేతిని గట్టిగా పట్టుకొనియుండెను. ఆ పట్టు జారలేదు.