అరటి పిలక, చందనం కాయ

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, లైంగిక, అలైంగిక ప్రత్యుత్పత్తి పాఠం మేమూ బట్టీ పట్టే రాసినాము. అర్థమైంది మాత్రం రాజంపేట పక్కన అరటి తోటలో, అమ్మోళ్లతో పిలకలు తవ్వే కూలికి పోయినప్పుడే.

సూది పిలకను అడుగున కొంచెం దుంపతో సహా తల్లి నుంచి కోసి వేరే గుంతలో పెడితే చాలు. పువ్వుతో, విత్తనంతో పని లేదు. తల్లి ఎట్లుంటే బిడ్డా అట్లే. రైతుకు లాభం అదే, భయమూ అదే. ఒకదానికి తగిలిన తెగులు తోటంతా తగలొచ్చు. గ్రోస్ మిషెల్ అనే ఎగుమతి రకం తోటలు 1950ల నాటికి పనామా తెగులుతో అట్లనే పోయినాయి.

మన కొండల్లోని ఎర్రచందనం దారి వేరు. ఎండాకాలంలో పసుప్పచ్చగా పూస్తాది. తేనెటీగలు ఒక చెట్టు పుప్పొడి ఇంకో చెట్టుకు మోస్తే రెక్కల కాయలో ఒక గింజ, ఎప్పుడన్నా రెండు. అవీ అన్నీ మొలవవు. నరికిన మొద్దు మళ్లీ చిగురేస్తాది, నిజమే. అయితే అది పాత చెట్టే, కొత్త బిడ్డ కాదు. పూసే చెట్లు ఒకదానికొకటి దూరమైపోతే కొత్తవి యాడ పుడతాయి?

గొడ్డలి చేతికిచ్చి డబ్బు ఆశ చూపేటోళ్లు మన పిల్లోళ్ల దగ్గరికే వస్తారు. మా ఈడోడు ఒకడు పోయి, కేసులో ఇరుక్కుని, ఆ ఏడు పరీక్ష రాయలేదు. ఈ సెలవులకు వాడూ మాతోనే పిలకలు తవ్వను వస్తున్నాడు. పుస్తకం కూడా తెచ్చుకోమని చెప్పినాము.