భాగాల్లోకి రాని ఇంజను

మా ఇంటి పేజీలో ఇంతవరకు పెండ్లి పాటలు రాసినాము, అవ్వ చెప్పిన సామెతలు రాసినాము, ఉగాది వంటలు రాసినాము. ఈసారి ఒక డీజిలు ఇంజను. "ఇదీ వారసత్వమేనా?" అని చెల్లెలు నవ్వింది. బావి కింద సేద్యం చేసిన ఇంటివాళ్ళు నవ్వరని మా నమ్మకం.

మేము అంటే ముగ్గురం తోబుట్టువులం. నాయన ఫ్యాక్టరీ పని కోసం ఆనేకల్ పక్కకు వచ్చేసినందువల్ల ముగ్గురం కన్నడ బడిలోనే చదివినాము. రాస్తా ఉండే చెయ్యి మాలో సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేసేది. పండగకూ పబ్బానికీ మాత్రం కుందారపల్లికి పోయేవాళ్ళం. ఇప్పుడు నాయన పని చాలించుకొని మళ్ళీ ఊర్లోనే ఉండాడు.

తాత కాలంలో ముందు కపిల ఉండేది. ఎద్దులు వాలుదావలో కిందికి దిగితే తోలు బాన నీళ్ళతో పైకొచ్చేది, వెనక్కి ఎక్కితే మళ్ళీ బావిలోకి పోయేది. తెల్లారుజామున మొదలుపెడితే ఎండ ముదిరేసరికి మనిషీ అలిసిపోయేవాడు, ఎద్దులూ అలిసిపోయేవి. 1970ల్లో తాత అప్పు తీసి కిర్లోస్కర్ ఐదు హార్స్‌పవర్ ఇంజను తెచ్చినాడు. కిర్లోస్కర్ వాళ్ళు 1888లో బెళగావిలో సైకిళ్ళ అంగడితో మొదలుపెట్టి, 1903లో ఇనుప మడక చేసి, 1946లో పుణేలో ఆయిల్ ఇంజన్ల కంపెనీ పెట్టినారు. తాతకు ఇదంతా తెలీదు. ఎద్దులకు మేత మిగులుతుందా, పొద్దుకు ఎన్ని మళ్ళు తడుస్తాయి, అంతే ఆయన లెక్క.

ఆ ఇంజను లేపే విద్య ఇంట్లో పెద్దనాయన ఒక్కడికే సరిగ్గా వచ్చేది. నాయన పక్కన నిలబడి డీజిలు పోసేవాడు.

1990లో రాష్ట్రంలో రైతులందరికీ కరెంటు ఉచితమైంది. ఇంక డీజిలు ఎవరు కొంటారు? ఇంజన్లు మూలన పడినాయి, బావులకు మోటార్లు వచ్చినాయి. తరువాత బోర్లు వచ్చినాయి, బావులే మూలన పడినాయి. మా బావిలో ఇప్పుడు కానుగ చెట్టు మొలిచి ఉండాది.

తాత పోయినాక భాగాలు పంచుకున్నారు. చేను రెండు భాగాలైంది, మామిడి చెట్లు లెక్కపెట్టుకున్నారు, ఆవులు చెరొకటి. ఇంజను రెండు తునకలు కాదు కదా. నాకు ఇయ్యండి అన్నాడు పెద్దనాయన, వెల కట్టి తీసుకో అన్నాడు నాయన. మాట మీద మాట లేచింది. చివరికి మూడో మనిషికి అమ్మి దుడ్డు పంచుకున్నారు. ఆ దుడ్డు ఎంతో ఇప్పుడు ఇద్దరికీ గుర్తు లేదు. పందొమ్మిదేండ్లుగా ఇద్దరికీ మాటలు మాత్రం లేవు. పెండ్లికి పత్రికలు పోతాయి, మనుషులు పోరు. నాయన నోట 'అన్న' అనే మాట పోయి 'ఆయప్ప' అనేది వచ్చింది.

పోయిన ఏడు వేపనపల్లి దావలో ఒక మామిడి తోట షెడ్డులో అదే మాదిరి ఇంజను కనిపించింది. పాత ఇనుమువాళ్ళు బేరం కుదుర్చుకొని బండికోసం చూస్తా ఉన్నారు. ఒకే సిలిండరు, 80 మిల్లీమీటర్ల బోరు, 110 మిల్లీమీటర్ల స్ట్రోకు, నిమిషానికి 1500 చుట్లు తిరిగేది. మాదేనేమో అనిపించింది. అవ్వ పెట్టెలో అప్పుకాగితం ఉండాది. కాగితం తమిళంలో, మా చదువు కన్నడలో, ఇంట్లో మాట తెలుగులో. అంకెలు మాత్రం ఎవరు చదివినా ఒకటే. రేకు మీది నంబరు తుడిచి చూసినాము. చివరి మూడు అంకెలు కలవలేదు. మా ఉద్యోగంలో రావలసిన ఫలితం ఒక గడిలో, వచ్చిన ఫలితం ఇంకో గడిలో రాస్తాము. రెండూ వేరైతే ఒప్పుకోము. ఇక్కడ ఇనుము రేటు మీద రెండు వేలు ఎక్కువ ఇచ్చి కొన్నాము.

"ఈ దుడ్డుతో చిన్న మోటార్లు రెండు వస్తాయి కదరా" అన్నాడు నాయన. నిజమే, వస్తాయి.

పిస్టన్ పట్టుకొనిపోయి ఉండాది. సుత్తితో కొడితే పగిలేది మన ఇనుమే గనుక నాజిలు విప్పి ఆ బొక్కలో కిరోసిను, ఇంజనాయిలు కలిపి పోసి ఎనిమిది రోజులు వదిలేసినాము. తొమ్మిదో రోజు చక్రానికి పలక ఆనించి ముందుకూ వెనక్కూ ఊపితే వేలెడంత కదిలింది. ఆ వేలెడు కదిలిన రోజు తమ్ముడు ఊరంతా చెప్పుకొని వచ్చినాడు. విప్పి చూస్తే లైనరంతా తుప్పు గుంటలు. లైనరు, పిస్టన్, రింగులు, హెడ్ గాస్కెట్టు కృష్ణగిరి అంగళ్ళలో ఇప్పటికీ దొరుకుతాయి. డీజిలు పంపు మాత్రం హోసూరుకు తీసుకుపోయి బల్ల మీద పెట్టించి చూపించాల్సి వచ్చింది. దాని మీద మైకో అని ఉండాది. 1951లో మొదలైన కంపెనీ, ఫ్యాక్టరీ బెంగళూరు ఆడుగోడిలో ఉండేది. ఆ గోడ పక్కనే మేము ఎన్నేండ్లు బస్సులో పోయినామో, లోపల తయారయ్యే సామాను మా బావిగట్టు దాకా వచ్చిందని అప్పుడు తెలీదు.

అన్నీ బిగించి, డీజిలు గొట్టంలో బుడగలు ఆగేదాకా గాలి తీసి తిప్పినాము. తెల్లపొగ వచ్చింది, ఇంజను లేవలేదు. మూడు రోజులు అంతే. మేస్త్రి కూడా చేతులు తుడుచుకున్నాడు. వీడియోలు చూసి నేర్చుకోవచ్చంటారు గానీ, వాటిలో ఇంజన్లు ఎప్పుడూ లేస్తానే ఉంటాయి.

మూడో రోజు సాయంత్రం నాయన అరుగు మీద నుంచే, మా మొగాలు చూడకుండా, "ఆయప్పను అడగండి, చెవిపెట్టి వింటాడు" అన్నాడు.

పెద్దనాయనకు డెబ్బై నాలుగు. ఏ ఇంజను అని కూడా అడగలేదు, చెప్పులేసుకొని వచ్చేసినాడు. ముందు నంబరు రేకు చూసి "ఇది మనది కాదే" అన్నాడు. ఆయనకు కాగితం అక్కర్లేకపోయింది. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతా నాజిలు 'కిచ్' అనే క్షణానికి చక్రం మీది గుర్తు యాడ ఉందో చూసినాడు. డీజిలు ఆలస్యంగా పడతా ఉందన్నాడు. పంపు విప్పించినాడు. దాని కింద పలచని రేకులు ఉంటాయి, అవి ఎక్కువైతే డీజిలు పడే వేళ వెనక్కి పోతుంది. పాత ఆసామి ఎవరో ఒక రేకు ఎక్కువ వేసి ఉన్నాడు. దాన్ని తీసి జోబులో వేసుకున్నాడు.

చల్లార్చేదానికి బావినీళ్ళు లేవు గనుక పక్కన 200 లీటర్ల డ్రమ్ము పెట్టి గొట్టాలు కలిపి ఉంటిమి. పెద్దనాయన పంచె ఎగ్గట్టి, డీకంప్రెషను లివరు లేపి, హ్యాండిలు పట్టుకున్నాడు. ఈ హ్యాండిలు వెనక్కి తంతే మణికట్టు విరుగుతుంది. అందుకని బొటనవేలు చుట్టూ వేయకుండా మిగిలిన వేళ్ళ పక్కనే పెట్టుకోవాల. చక్రం వేగం అందుకుంటా ఉంది, లివరు వదలబోతా ఉన్నాడు.

"అన్నా, బొటనవేలు!"

నాయన ఎప్పుడు అరుగు దిగినాడో మేము చూడలేదు.

పెద్దనాయన వేలు తీసి పక్కన పెట్టినాడు, లివరు వదిలినాడు. రెండు దగ్గులు దగ్గి ఇంజను లేచింది. ముందు తెల్లపొగ, తరువాత ఏ పొగా లేదు. ఆ చప్పుడుకు పక్క చేన్లో వాళ్ళు కూడా వచ్చినారు. అన్నదమ్ములిద్దరూ చెరొక పక్క నిలబడి డ్రమ్ములో నీళ్ళు వేడెక్కేది చెయ్యిపెట్టి చూస్తా ఉండిపోయినారు.

సంగటి తినిపొమ్మని అమ్మ చెప్పింది. ఆకలి లేదన్నాడు పెద్దనాయన. ఇంట్లోకి రాలేదు. మామిడి మొక్కలకని తవ్విన గుంతలో వాననీళ్ళు ఉండాయి కదా, పంపు యాడ పెడతారు అని అడిగినాడు. తూర్పు గట్టున అన్నాడు నాయన. "ఆడ బెల్టు నిలవదు, పడమర పెట్టాల" అన్నాడు పెద్దనాయన. కాసేపు గొంతులు లేచినాయి. తరువాత చెప్పులేసుకొని, "శుక్రవారం సంతకు వస్తా. బెల్టు తెచ్చి పెట్టుకోండి" అని మాతో చెప్పి పోయినాడు.

బెల్టు తెచ్చినాము. పంపు ఏ గట్టున అనేది ఇంకా తేలలేదు.