ప్రాత ఫ్రిజ్జు – జీర్ణోద్ధరణము

ప్రాతవస్తువుల యెడల మనవారికి రెండు దృష్టులు గలవు. ప్రాతది గనుక పారవేయవలెననుట యొకటి. పెద్దలనాటిది గనుక ముట్టరాదనుట మఱియొకటి. రెంటియందును పరీక్ష లేదు. వస్తువును విప్పి, చెడినదేదో, చెడనిదేదో తెలిసికొనుటకు శ్రమ కావలెను. ఆ శ్రమ కోర్వలేకయే మనమీ రెండు త్రోవలలో నొకదానిని ద్రొక్కుచుందుము.

సిరిసిల్లలో మా మేనత్తగారి యింట 1970 ప్రాంతమున కొన్న ఫ్రిజ్జొకటి కలదు. అంతకు పూర్వము ఆ యింట చల్లనినీటికి రంజనే దిక్కు. గత వేసవిలో ఆ ఫ్రిజ్జు చల్లదనము తప్పెను. ఆమె మధుమేహమునకు వాడు ఇన్సులిన్ అందే యుండును. తెఱవని సీసాలను 2 మొదలు 8 డిగ్రీల వఱకు గల చలువలో నుంచవలెను. ఎండవేడికి చెడినను చూపునకు తెలియకపోవచ్చును. మందు మాత్రము పనిచేయదు. కావున ముందుగా వానిని పొరుగింటి ఫ్రిజ్జునకు చేర్చితిమి.

కొడుకులు క్రొత్తది కొందమనిరి. ఆమె నాతో, "దీన్ని ఒక్కసారి ఎవరికన్న చూపియ్యి బిడ్డా" అనెను. నేను జగిత్యాలలో పాఠములు చెప్పుకొనువాడను. అట్టి యంత్రముల నెఱిగిన మెకానిక్కు కోరుట్లలో గలడని విని, ట్రాలీ ఆటోలో దాని నచటికి చేర్పించితిని.

రంజను చెమర్చి, ఆ చెమ్మ ఆవిరియగుచు లోని నీటి వేడిని గొనిపోవును. ఫ్రిజ్జు ధర్మమును అదియే. కంప్రెసరు వాయువును అదిమి వేడెక్కించును. వెనుకనున్న గొట్టములలో ఆ వేడిని విడిచి వాయువు ద్రవమగును. పిదప సన్నని నాళమును దాటి, లోపలి గొట్టములలో ఆవిరియగుచు అచటి వేడిని హరించును. ఒకే వాయువు మరల మరల తిరుగుచుండును. అది ఖర్చగునది కాదు. తగ్గినదన్న, ఎచటనో కారుచున్నదని యర్థము. మెకానిక్కు ఈ మాటనే, "కారుడు ఆపకుండ గ్యాసు నింపితే ఓటికుండల నీళ్లు పోసినట్టే సారూ" అని తేల్చెను.

అందలి వాయువు ఆర్-12. అమోనియా, సల్ఫర్ డయాక్సైడు వంటి విషవాయువులకు మాఱుగా 1930 ప్రాంతమున వచ్చినపుడు, మండదు, విషము కాదు అని లోకము దానిని కొనియాడెను. ఇట్టి వాయువులలోని క్లోరిన్ ఓజోను పొరను హరింపగలదని 1974లో మొలీనా, రోలండ్ అను శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. 1987లో మాంట్రియల్ ఒడంబడిక కుదిరెను. 1992లో మన దేశమందు చేరెను. ఈ వాయువులను మానుటకు మనవంటి దేశములకు 2010 గడువయ్యెను.

కావున మిగిలిన వాయువును గాలిలోనికి విడువక సిలిండరులోనికి పట్టుమని కోరితిని, ఆయన సమ్మతించెను. పిమ్మట నత్రజనిని ఒత్తిడితో నింపి కీళ్ళకు సబ్బునురుగు పూయగా, ఒకచోట బుడగలు లేచెను. ఆ కీలు నతికెను. క్రొత్తగా నింపదగిన ఆర్-134ఏ వాయువు ప్రాత ఖనిజతైలముతో కలియదు. అందుచే నూనెను, ఫిల్టరును మార్చి, లోని గాలిని, చెమ్మను పంపుతో లాగివైచి, వాయువును తూచి నింపెను. ఇది ఓజోనునకు హాని చేయదు. కాని భూతాపమును పెంచుటలో బొగ్గుపులుసు వాయువునకు సుమారు 1,400 రెట్లు. కనుక దేనిని నింపినను, కారుట నాపుటయే ప్రధానము.

లోపల నుంచిన ఉష్ణమాపకము 5 డిగ్రీలు చూపెను. వారము దినములు పరీక్షించిన తరువాతనే ఇన్సులిన్ మరల దానిలోనికి వచ్చినది. క్రొత్తవానికంటె అది కరెంటు నెక్కువగా తినును. ఈ దోషమును దాచుట న్యాయము కాదు.

పేటిక నిలిచినది, చెఱుపుచేయు వాయువు తొలగినది. ఈ వివేకమును మా మేనత్త యెన్నడో చూపినది. ఫ్రిజ్జు వచ్చిన తొలినాళ్ళలో, మడి పేరిట వంటయింటి గడప దాటనీయని వాడకట్టు పిల్లలను లోనికి బిలిచి, చేతులు కడిగించి, చల్లనినీళ్ళిచ్చినది. శుచిని నిలుపుకొనెను, గడపను విడిచెను.