అటక మీది గిటారు

విశాఖపట్నంలో మా ఇంటి అటక మీద ఓ గిటారు ఉంది. పాత దుప్పటి చుట్టి, దాని మీద గోనెసంచి కప్పి, ఖాళీ ఆవకాయ జాడీల పక్కన పడుకోబెట్టారు. ఇరవై ఏళ్లకు పైగా దాని చిరునామా అదే. ఏటా సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు అమ్మ దాన్ని దింపిస్తుంది. బూజు దులిపి మళ్లీ పైకి ఎక్కిస్తుంది. అమ్మేద్దామని ఎవరూ అనరు. వాయిద్దామనీ ఎవరూ అనరు.

అది మా అన్నయ్యది. నాకంటే పదేళ్లు పెద్ద. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో మరో ముగ్గురు స్నేహితులతో కలిసి బ్యాండ్ పెట్టాడు. ఎంవీపీ కాలనీలో ఒకతని ఇంటి కారు షెడ్డులో సాధన చేసేవాళ్లు. నన్నూ సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు. ఆ చప్పుడుకి పక్కింటి మామ్మగారు గోడ మీంచి తొంగిచూసి 'ఏ ఇంట్లో ఏమైంది నాయనా?' అని అడిగిన రోజు నాకింకా గుర్తుంది.

కాలేజీ పండగల్లో మూడేళ్లు వాయించారు. నాలుగో ఏడు కొలువులు వచ్చాయి. ఒకతను అమెరికా, ఒకతను బెంగళూరు, ఇంకొకతను వాళ్ల నాన్న సిమెంటు దుకాణం. అన్నయ్య బ్యాంకు పరీక్ష రాశాడు. గొడవపడి విడిపోయి ఉంటే చెప్పుకోవడానికి ఒక కథైనా మిగిలేది. అదీ లేదు. 'పాటలు కూడు పెడతాయట్రా?' అని నాన్న ఒక్కసారే అన్నాడు. అన్నయ్య జవాబు చెప్పలేదు. ఆ వారమే గిటారు అటకెక్కింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు గువాహటిలో ఉద్యోగం చేసే స్నేహితుడొకడు అన్నయ్యకి ఒక సీడీ తెచ్చాడు. పేరు 'షిల్లాంగ్'. బ్యాండు పేరు సోల్‌మేట్. రాత్రి భోజనాలయ్యాక అన్నయ్య దాన్ని కంప్యూటర్లో పెట్టి, చిన్న సౌండుతో వినేవాడు. నాకప్పుడు పదిహేడేళ్లు. ఇంగ్లిషు మాటలు సగం అర్థమయ్యేవి కావు. కానీ ఓ ఆడగొంతు... గొంతు చించుకుని కాదు, గుండె చించుకుని పాడుతున్నట్టుండేది. 'ఎవరన్నయ్యా ఈవిడ?' అంటే, 'తిప్రితి ఖర్‌బంగార్ అని... మన దేశమేనే' అన్నాడు. మన దేశమే అన్న మాటలో కొంచెం గర్వం, కొంచెం ఇంకేదో ఉంది.

ఆ పాటల్ని బ్లూస్ అంటారు. అమెరికాలో మిసిసిపీ ప్రాంతపు పత్తి చేలల్లో, బానిసల సంతతివారైన నల్లజాతి కూలీల కష్టంలోంచి వచ్చిన సంగీతం. ఒకరు పాడితే మిగతావాళ్లు అందుకోవడం మన నాట్ల పాటల్లో లేదూ, ఆ పద్ధతే. ఒక మాటని రెండుసార్లు అని, మూడోసారి దానికి జవాబు చెబుతారు. మొత్తం పన్నెండు ఆవర్తనాలు. షడ్జమం, మధ్యమం, పంచమం మీద కట్టిన మూడంటే మూడు కార్డులు. ఇంతే సరుకు! మన వీణ మాస్టారిని అడిగితే ఇంకో ముక్క కూడా చెబుతారు... సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో ఒక స్వరం నలుగుతూ ఉంటుంది. అటూ కాదు, ఇటూ కాదు. ఆ నలుగుడులోనే ఏడుపంతా ఉంది. మడ్డీ వాటర్స్ లాంటివాళ్లు 1940ల్లో మిసిసిపీ నుంచి షికాగో వెళ్లి దానికి కరెంటు గిటారు తగిలించారు. 1960ల్లో ఇంగ్లండు కుర్రాళ్లు దాని సౌండు పెంచేసి రాక్‌తో కలిపేశారు. అదే బ్లూస్ రాక్.

మరి అది మేఘాలయ కొండల్లోకి ఎలా ఎక్కింది? ఈ ప్రశ్న నాకు చాలాకాలం ఉండేది. పోయిన డిసెంబరులో పర్యాటక వ్యాసం పని మీద షిల్లాంగ్ వెళ్లాను. గువాహటి నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. సుమోలో పదిమందిని కుక్కి తీసుకెళ్తారు. ఉమియం చెరువు కనపడగానే డ్రైవరు అడక్కుండానే బండి ఆపాడు. పచ్చివక్క, తమలపాకు, సున్నం కలిపి 'క్వాయ్' అని నా చేతిలో పెట్టాడు. మనూళ్లో తాంబూలం వేసుకున్నదాన్నే కదా అని ధీమాగా నోట్లో వేసుకున్నాను. రెండు నిమిషాల్లో చెవులు వేడెక్కి, నుదుటి మీద చెమటలు పట్టి, చెరువు రెండుగా కనిపించింది. ఆ చలిలో చెమట! బండిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

ఆ డ్రైవరు బండిలో స్టీరియో మీద మొదట వినపడింది చర్చి పాట. దాని వెనకే రాక్ పాట. మళ్లీ చర్చి పాట. ఆయనకి ఆ రెంటికీ తేడా ఉన్నట్టే లేదు. నా ప్రశ్నకి సగం జవాబు అక్కడే దొరికింది. వేల్స్ దేశపు మిషనరీ థామస్ జోన్స్ 1841లో ఖాసీ కొండలకు వచ్చారు. ఖాసీ భాషకి రోమన్ లిపి ఆయనతోనే మొదలైంది. ఆ మిషనరీల వెంటే నాలుగు గొంతులు కలిపి పాడే పద్ధతీ వచ్చింది. మన పిల్లలు బడిలో ఎక్కాలు నేర్చినట్టు అక్కడి పిల్లలు చర్చిలో శ్రుతి నేర్చుకుంటారు. ఆ తర్వాత రేడియో, కాన్వెంట్ బళ్లు... గిటారు వచ్చి ఇళ్లలో కూర్చుంది. బాబ్ డిలన్ పుట్టినరోజు మే 24ని లూ మాజా అనే గాయకుడు 1972 నుంచి షిల్లాంగ్‌లో పండగలా చేస్తూ వస్తున్నారంటే చూడండి. మేఘాలయ రాష్ట్రం ఏర్పడిందీ ఆ ఏడాదే.

లూ మాజా బ్యాండు గ్రేట్ సొసైటీలో గిటారు వాయించిన రూడీ వాలాంగ్, తిప్రితితో కలిసి 2003లో సోల్‌మేట్ పెట్టారు. రూడీ తండ్రి కూడా సంగీతకారుడే. 2005లో 'షిల్లాంగ్', 2009లో 'మూవింగ్ ఆన్', 2014లో 'టెన్ స్టోరీస్ అప్'... అంటే తొలి పదకొండేళ్లకి మూడు ఆల్బమ్‌లు. 2007లోనూ 2010లోనూ అమెరికాలోని మెంఫిస్‌లో జరిగే అంతర్జాతీయ బ్లూస్ పోటీకి మన దేశం తరఫున వెళ్లారు. పుట్టిన చోటికే వెళ్లి ఆ పాట పాడి రావడమంటే తిరువయ్యూరులో విదేశీయుడెవరో త్యాగరాజ కీర్తన పాడినట్టు! 2011లో ముంబయిలో మొదలైన మహీంద్రా బ్లూస్ ఉత్సవంలోనూ వేదికెక్కారు. తర్వాత రూడీ కొడుకు లియోన్ బేస్ గిటారుతో ఆ బ్యాండులోనే చేరాడు.

ఆ కొడుకు సంగతి దగ్గరే నేను ఆగిపోయాను. తాత, తండ్రి, మనవడు! మనకి ఇది కొత్త కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక సమాజం తరాలకు తరాలు అలాగే నడిచింది కదా. తెర వెనక ఉయ్యాల్లో పసిబిడ్డ, తెర ముందు తల్లి ద్రౌపది. అక్కడ పిల్లాడు నటిస్తానంటే ఎవరూ ఉలిక్కిపడరు. మా ఇంట్లో మాత్రం ఉలిక్కిపడ్డారు. ఈసారి ఉలిక్కిపడింది నాన్న కాదు. నాన్న పోయి ఆరేళ్లయింది. ఉలిక్కిపడింది అన్నయ్య.

మా మేనల్లుడు ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ. పొద్దున్న ఆరింటికి వెళ్తే రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చే కాలేజీ. దసరా సెలవుల్లో వాడు అటక మీది గిటారు దింపి, ఫోన్లో చూసి వాయించడం మొదలుపెట్టాడట. సెలవులయ్యాక, ఇంజినీరింగ్ కాదు, సంగీతం చదువుతానన్నాడట. అన్నయ్య నాకు ఫోన్ చేసి చెబుతూ, 'పాటలు కూడు పెడతాయా చెప్పు?' అన్నాడు. నాకు నోట మాట రాలేదు. అచ్చం నాన్న గొంతే. ఆ సంగతి తనకి తెలిసిందో లేదో నేను అడగలేదు.

షిల్లాంగ్‌లో ఉన్న నాలుగు రోజులూ ఈ మాటే నా వెంట తిరిగింది. నిజం చెప్పాలంటే నేను సోల్‌మేట్‌ని కలవలేదు. కలుద్దామని ప్రయత్నించనూ లేదు. వెళ్లి ఏమడుగుతాను? 'మీరు ఎలా బతుకుతున్నారండీ?' అనా? సొంత పాటలు, అదీ బ్లూస్, అదీ ఇంగ్లిషులో రాసి, సినిమా పాటే సంగీతమనుకునే దేశంలో ఇన్నేళ్లు నిలబడ్డవాళ్లని ఆ ప్రశ్న అడగడం మర్యాదగా అనిపించలేదు. పోలీస్ బజార్ దగ్గర ఓ చిన్న హోటల్లో, అన్నంలో పంది మాంసం కలిపి వండే 'జాదో' ఉంటే, నేను శాకాహారినని చెప్పి టీ మాత్రం తాగుతూ కూర్చున్నాను. హోటలు నడిపే ఆవిడ, 'అయ్యో, ఇంత దూరం వచ్చి...' అన్నట్టు చూసింది. ఖాసీల్లో ఇల్లు దక్కేది ఆఖరి కూతురికే. ఆ హోటలూ అలాగే అమ్మ నుంచి తనకి వచ్చిందట.

నా ఫోన్లో తిప్రితి పాడిన 'సియర్ లాపలాంగ్' పాట ఉంది. ఇది ఇంగ్లిషు కాదు, ఖాసీ. దాని కథేమిటని ఆవిడనే అడిగాను. మైదానంలో తల్లి చాటున పెరిగిన ఓ దుప్పి పిల్లకి కొండల మీద మొలిచే ఆకు తినాలని కోరికట. తల్లి వద్దంటుంది. వినదు. కొండెక్కుతుంది. వేటగాళ్ల బాణం తగిలి చచ్చిపోతుంది. వెతుక్కుంటూ వచ్చిన తల్లి దుప్పి, బిడ్డ మీద పడి ఏడుస్తుంది. ఆ ఏడుపు విన్న వేటగాళ్లు బాణాలు కింద పెట్టేశారట. చచ్చిపోయినవాళ్ల కోసం ఎలా ఏడవాలో మనుషులు ఆ దుప్పిని చూసే నేర్చుకున్నారని ఖాసీలు చెప్పుకుంటారు.

ఇదే కథ మన ఇళ్లలో చెబితే ఎలా చెబుతాం? 'అమ్మ మాట వినకపోతే ఇలాగే అవుతుంది' అని చెబుతాం. అన్నం ముద్దలు పెడుతూ మరీ చెబుతాం. హోటలావిడ ఆ మాట అంటుందేమో అని ఎదురుచూశాను. అనలేదు. కప్పు కడుగుతూ, 'చాలా మంచి ఏడుపు అది' అంది, హిందీలో. అంతే. వినని బిడ్డది తప్పని ఆవిడకి తోచనే లేదు. ఆ పాట మొత్తం ఆ తల్లిదే. బిడ్డ ఎందుకెళ్లిందన్న ప్రశ్న అందులో లేదు. వెళ్లింది. అంతవరకే.

అన్నయ్యకి ఆ పాట పంపించాను. కథ కూడా రాసి పంపాను. రెండు నీలం గీతలు కనపడ్డాయి. జవాబు రాలేదు.

సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. దులపడం అయిపోయింది. జాడీలు అటకెక్కాయి. గిటారు మాత్రం బీరువా పక్కన గోడకి ఆనించి ఉంది. 'అడ్డంగా ఉంది, తియ్యండ్రా' అని అమ్మ పొద్దుట్నుంచి గొణుగుతోంది. ఎవరూ తియ్యడం లేదు. రాత్రి అన్నయ్య, మేనల్లుడితో నా ముందే మాట్లాడాడు. 'ముందు పరీక్షలు అవనీ. అప్పుడు చూద్దాం.' వాడు మొహం ముడుచుకున్నాడు. అప్పుడు చూద్దాం అంటే మా ఇంట్లో అర్థమేమిటో వాడికీ తెలుసు. నేనేదో అనబోయాను. వదిన కళ్లతోనే వద్దంది.

కాసేపటికి టీవీ కట్టేసి పడకలు వేస్తుంటే, అన్నయ్య ఆ గిటారు మెడ పట్టుకుని దీపం కిందికి తెచ్చాడు. మేకులు తిప్పి చూశాడు. ఒక తీగ టప్పుమని తెగింది.

'తుప్పు పట్టేశాయిరా. ఒకటి మారిస్తే లాభం లేదు. సెట్టు మొత్తం వెయ్యాలి' అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

'ఎంతవుతుంది నాన్నా?' వాడు మంచం మీంచి అడిగాడు.

'నేను కొన్నప్పుడు నూట ఇరవై.'